రీసెట్ కొట్టినా పోనిది

మీరే చేశారు. ఏసీ గదుల్లో కూర్చుని, లిఫ్టు తలుపు ఇంకాస్త తొందరగా మూసుకోవాలని హుకుం జారీ చేసింది మీరే. పొరపాటున వేలు తగిలిందని బుకాయించకండి. తెలిసే రీసెట్ నొక్కారు. ఒక మనిషి కష్టాన్ని బూడిదపాలు చేసి చేతులు దులుపుకున్నారు.

ఆ సంగతి కందిరీగకి భోజనం చేసి వచ్చాక తెలిసింది. లిఫ్టు తలుపులను నడిపే ప్రోగ్రాములు తయారుచేసే ఆఫీసు అది, ఆమె అక్కడ ప్రోగ్రామర్. మీటింగుల్లో ఎవరినీ కుట్టకుండా వదలదని తోటివాళ్లు ఆ పేరు పెట్టారు. టెస్టు గదిలో అందరూ వాడే కంప్యూటర్ తెరిచి చూస్తే, ఆమె రాసిందంతా మాయం.

ఏం రాసింది? కరెంటు పోయి తిరిగొచ్చాక కాసేపు లిఫ్టు తలుపుకి చూపుండదు. అడ్డంగా ఎవరున్నారో కనిపెట్టే సెన్సర్ అప్పటికింకా మేలుకోదు. తలుపు మాత్రం మూసుకుపోతుంది, మధ్యలో చెయ్యి ఉన్నా సరే. సెన్సర్ మేలుకునేదాకా తలుపును కదలనివ్వకుండా ఆమె రాసింది. సాయంత్రానికి ఆ ప్రోగ్రాము పిల్లల ఆసుపత్రి లిఫ్టుల్లోకి ఎక్కాలి.

విసవిసా మేనేజర్ గదికి పోయింది.

"నా పని ఏది సార్?"

"నా గదిలోంచే రీసెట్ కొట్టానమ్మా. పాత వెర్షనే పంపిద్దాం. నీ తలుపు పెళ్లినడక నడుస్తోందని కస్టమర్ నవ్వాడు."

"గుడ్డిగా పరిగెత్తమంటారా?"

"పాత వెర్షన్ ఊళ్లో ఎన్ని లిఫ్టుల్లో నడవడం లేదు? గోరంతలు కొండంతలు చేయకు. అన్నట్టు, సాయంత్రం ఆ టెస్టు గది కంప్యూటర్‌లో పాతవన్నీ ఊడ్పించేస్తున్నా. బాబాయ్ పోయినప్పట్నుంచీ చెత్త పేరుకుపోయింది."

బాబాయ్ ఆ టెస్టు గదిలో పనిచేసినవాడు. ఆఫీసంతటికీ బాబాయే. గుండె ఆగి చనిపోయాడు. ఆయన కుర్చీలోనే ఇప్పుడు కందిరీగ కూర్చుంటోంది.

ఆమె తిరిగొచ్చేసరికి టెస్టరక్క కర్ర పట్టుకుని నిలబడి ఉంది. గదిలో గోడకి బిగించిన లిఫ్టు తలుపు ఒకటుంది. దాని వెనక లిఫ్టు లేదు, ఉట్టి గోడే. పొద్దస్తమానం తెరుచుకోవడం, మూసుకోవడం దాని పని. మధ్యలో కర్ర పెట్టి చూడటం టెస్టరక్క పని.

"మొహం అలా పెట్టావేంటే?"

"అంతా చెరిపేశాడక్కా."

"చెరిపితే పోతుందా? వెతుకు."

నిజమే. చేసిన పనిని ఒక పేరుతో, సమయంతో, ఓ ముక్క మాటతో దాచిపెడతారు. దాన్ని కమిట్ అంటారు. రీసెట్ కొడితే అది వరసలోంచి తప్పుకుంటుందే గాని వెంటనే చావదు. ఊడ్చేదాకా దిక్కూ మొక్కూ లేకుండా ఓ మూల పడి ఉంటుంది. కందిరీగ ఆ దిక్కులేనివాటినన్నిటినీ తెరమీదికి రప్పించింది.

"అన్నీ బాబాయ్ పేరుమీదే ఉన్నాయేంటి?"

టెస్టరక్క కిసుక్కున నవ్వింది. "ఈ డబ్బాలో ఆయన పేరు ఎవరు మార్చి చచ్చారు? మనం రాసేదంతా ఆయన ఖాతాలోకే పోతోంది. పోయాక కూడా మనకంటే ఆయనే ఎక్కువ పనిచేస్తున్నాడు."

కందిరీగకీ నవ్వొచ్చింది. కిందికి పోతున్నకొద్దీ ఆ నవ్వు ఆరిపోయింది. బాబాయ్ బతికుండగా రాసినవి తగిలాయి. 'చూపు రాకుండా మూయొద్దు.' మళ్లీ, 'చూపు రాకుండా మూయొద్దు.' ఇంకోటి, 'దయచేసి చూడండి.' ఆమె రాసిందే, ఆమెకంటే ముందే, ఆయన రాశాడు. ప్రతిసారీ ఎవరో రీసెట్ కొట్టారు.

తన కమిట్లు దొరికాయి. ఆఖరి ముక్క దొరకలేదు. అది కమిట్ చేయకుండానే భోజనానికి లేచిపోయింది; కమిట్ చేయనిది రీసెట్ కొడితే నిజంగానే చస్తుంది. అది లేకపోతే మిగతాది దండగ.

అప్పుడు పైన, అన్నిటికంటే పైన, ఒకటి కనిపించింది. ముందూ వెనకా ఏ కమిట్ లేకుండా ఒంటరిగా వేలాడుతోంది. ఇవాళ్టిదే. మేనేజర్ రీసెట్ కొట్టిన తర్వాతది. తెరిచి చూస్తే ఆమె పోగొట్టుకున్న ఆఖరి ముక్క, అక్షరం పొల్లుపోకుండా. దాని కింద ఆమెకి తట్టని వరస కూడా ఉంది: కరెంటు వచ్చి వెంటనే మళ్లీ పోతే ఏం చేయాలో. పక్కన మాట: 'మళ్లీ పెట్టాను. ఇంక తీయొద్దు.'

"అక్కా, ఇది నువ్వా?"

"నాకు ప్రోగ్రాము రాయడమొస్తే ఈ కర్రెందుకు పట్టుకుంటానే? గదికి తాళం వేసి నీతోనే కదా తిన్నాను!"

ఇద్దరూ కుర్చీ వైపు చూసి, చూపు తిప్పేసుకున్నారు.

కందిరీగ అన్నిటినీ కలిపి తలుపులోకి ఎక్కించింది. టెస్టరక్క మధ్యలో కర్ర పెట్టి, కరెంటు తీసి మళ్లీ వేసింది. తలుపు కదల్లేదు. వేసిన వెంటనే ఇంకోసారి తీసి, మళ్లీ వేసింది. కదల్లేదు. సెన్సర్ మేలుకుంది. టెస్టరక్క కర్ర తీసి పక్కకి వచ్చింది. ఇప్పుడు మూసుకోవాలి.

మూసుకోలేదు. ఎర్రలైటు వెలుగుతూనే ఉంది.

"అడ్డంగా ఎవరో ఉన్నారంటోందే," అంది టెస్టరక్క.

కిటికీలోంచి ఎండ పడుతోంది. తలుపు రెక్కల మధ్య గోడ తప్ప ఏమీ లేదు. కందిరీగ తలుపు వైపు ఒక అడుగు వేసింది.

"బాబాయ్... కాస్త జరుగు."

లైటు ఆరింది. తలుపు నిదానంగా మూసుకుంది.

మేనేజర్ లోపలికి వచ్చేసరికి ఆమె ఆ వెర్షన్‌ని, దిక్కులేని కమిట్లన్నిటినీ, ఇక ఊడ్చినా పోకుండా, ఆఫీసులో ప్రతి కంప్యూటర్‌కీ పంపేసింది.

"ఎవరి పర్మిషన్‌తో పంపావ్?"

"పంపింది నేనే. రాసిందెవరో చూడండి."

ఆయన చదివాడు. సమయం చూశాడు. "పాతది... పాతదే పంపాలి..."

"నేను సంతకం పెట్టందే ఏదీ బయటికి పోదు కదా," అంది టెస్టరక్క. "పాతదానికి పెట్టను. చూపున్నదానికే పెడతా."

పిల్లల ఆసుపత్రికి చూపున్న తలుపే వెళ్లింది.

మరి మిగతావి? ఇప్పటికే గుడ్డిగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నవి? బాబాయ్ మొదటిసారి మొత్తుకున్నప్పటినుంచీ మీరు అమ్మినవన్నీ అవే. ఆ లిఫ్టుల్ని ఇవాళే ఆపండి. ప్రతి గుమ్మం ముందూ మెట్లెక్కమని బోర్డు పెట్టండి. చెరిపేసిన ప్రతి కమిట్‌నీ బయటపెట్టి, రీసెట్ కొట్టినవాడి పేరు దాని పక్కనే రాయండి. ఆ గదిలో ఒక్క ముక్క కూడా ఊడవకండి. తలుపుకి చూపు పెట్టాకే మనిషిని లోపలికి పిలవండి.