కొనొద్దన్న పేజీ

దర్జీ ఆవిడ ఆ పెట్టెను తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అరచేతిలో పట్టే తెల్ల ప్లాస్టిక్ పెట్టె. ఒక పక్క నల్లగా కాలి ముడుచుకుపోయింది. ప్లగ్గులో పెడితే కరెంటు బిల్లు సగానికి సగం పడిపోతుందని అమ్మే సరుకు.

ఆ పెట్టె నాకు బాగా తెలుసు. ఆరు నెలల క్రితం ఒకటి విప్పి చూశాను. లోపల చిన్న కెపాసిటర్, ఆకుపచ్చ దీపం, బరువు కోసం పోసిన సిమెంటు ముద్ద. ఫొటోలు తీసి, ఎవరూ కొనొద్దని మా సైటులో రాశాను.

"ఇది కొనొద్దని రాశాను కదమ్మా" అన్నాను.

"రాశారు. మీ పేజీలో చూసే కొన్నాను."

నాకు అర్థం కాలేదు. ఆవిడ ఫోను తీసి చూపించింది. పైన నేను రాసిన నాలుగు వాక్యాలు. వాటి కింద పసుపూ ఎరుపూ రంగుల్లో, తెర నిండా, అదే పెట్టె ప్రకటన. పక్కన పళ్లికిలిస్తున్న మెకానిక్ బొమ్మ. నా మిగతా వ్యాసం ఎక్కడో దాని అడుగున ఉంది.

"పైన కొనొద్దని ఉంది, కింద కొనమని ఉంది. కిందది రంగుల్లో ఉంది" అంది. "నకిలీవాటిని తిట్టి, అసలుది మీరే చూపిస్తున్నారనుకున్నాను."

నాలుగు కుట్టు మిషన్లకు నాలుగు పెట్టెలు కొన్నదట. బిల్లు పైసా తగ్గలేదు. వారం క్రితం ఒకటి అంటుకుని ప్లగ్గు కరిగింది. కింద కుట్టి పెట్టిన బట్టలన్నీ మసి. ఆ గదిలోనే ఆవిడ తల్లి పడుకుని ఉందట, సమయానికి బయటికి తీసుకొచ్చారట. డబ్బు నేనిస్తానన్నాను.

"డబ్బు కోసం రాలేదండీ. మీ మొహం ఎలా ఉంటుందో చూద్దామని వచ్చా."

చూసింది. వెళ్లిపోయింది. పెట్టె మాత్రం బల్ల మీదే వదిలేసింది.

నేను మోటార్ వైండింగ్ మెకానిక్‌ని. కాలిన మోటార్లలోంచి పాత రాగి తీగ పీకి కొత్తది చుడతాను. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఏ మోటారుకు ఎన్ని చుట్లు, ఎంత లావు తీగ అన్నది ముప్పై ఏళ్లుగా నోటు పుస్తకాల్లో రాసుకున్నాను. మా పనిలో ఈ లెక్కలు ఎవడూ ఎవడికీ చెప్పడు. నా చేత మా ఆవిడ చెప్పించింది. పుస్తకాలన్నీ టైపు చేసి సైటు పెట్టింది. రాగి తీగ అమ్మే దుకాణాయనతో తనే మాట్లాడి, ఆయన ప్రకటన ఒక్కటి పేజీ పక్కన చిన్నగా వేసేది. సర్వరు అద్దె దానితో వెళ్లిపోయేది.

ఆవిడ పోయి రెండేళ్లు. ఆసుపత్రిలో పదహారు రోజులుంది. వచ్చినవాళ్లందరూ ధైర్యం చెప్పారు, ఒక్కరూ తోడుండలేదు. పోయిన నాలుగో రోజున ఆవిడ తమ్ముడు, నా బావమరిది, కళ్లు తుడుచుకుంటూ సైటు పాస్‌వర్డ్ అడిగాడు. దుకాణాయన ప్రకటన మానేశాడని, తను వేరేవి తెప్పిస్తానని, వచ్చినదాంట్లో సగం తనదని చెప్పాడు. నాకు అప్పుడు ఏదీ పట్టలేదు. ఇచ్చేశాను. నా కంప్యూటర్‌లో మాత్రం ప్రకటనలు కనబడకుండా చేశాడు. సొంత పేజీలో ప్రకటన మీద యజమాని వేలు పడితే, దొంగ నొక్కుడని కంపెనీ ఖాతా మూసేస్తుందట. నా వేలి మీద వాడికి నమ్మకం లేదు.

అలా రెండేళ్లు నేను శుభ్రమైన పేజీ చూస్తూ వచ్చాను. అసలు పేజీని నేను తప్ప అందరూ చూశారు.

దర్జీ ఆవిడ వెళ్లిన మధ్యాహ్నమే బావమరిదిని పిలిపించాను. వాడేమీ సిగ్గుపడలేదు. ప్రకటనలు మనం ఎంచుకునేవి కావన్నాడు. పేజీలో ఏ మాటలుంటే వాటికి దగ్గరి సరుకును యంత్రమే తెచ్చి పెడుతుందట. కరెంటు బిల్లు, పెట్టె అని నేను ఇరవై సార్లు రాశాను కాబట్టి ఆ పెట్టె వచ్చిందట. నేను తిట్టానా, మెచ్చుకున్నానా అన్నది యంత్రానికి అనవసరం.

ఆ ఒక్కటీ ఆపమన్నాను. ఆపాడు. మూడో రోజు పక్క కొట్టాయన ఫోనులో చూస్తే మళ్లీ అదే పెట్టె. ఈసారి నీలం రంగు, వేరే పేరు. ఇంకో పేజీలో, మా ఆవిడ వారం రోజులు కూర్చుని కొట్టిన చుట్ల పట్టిక నడుమ, ముప్పై ఆరు స్లాట్ల మోటారు లెక్క ఉన్న వరస మీద బట్టతల మందు ఎక్కి కూర్చుంది.

"అన్నీ తీసెయ్" అన్నాను.

వాడు ముక్కున వేలేసుకున్నాడు. నెలాఖరుకు సర్వరు అద్దె కట్టాలి, ఏడాదిది ఒకేసారి. కట్టకపోతే సైటు మూతపడుతుంది, అక్క చేసిందంతా మట్టిలో కలుస్తుంది అన్నాడు. బెదిరింపే, కానీ అబద్ధం కాదు. చదివేవాళ్లనే చందా అడుగుతానన్నాను.

"ఎవడు కడతాడు బావా? ఊరికే ఇస్తేనే సగం చదివి పోతారు. అక్క ఉంటే ఇలాంటి పిచ్చి పని చేయనిచ్చేదా?"

"అక్క ఉంటే నీకు పాస్‌వర్డ్ వచ్చేది కాదు."

నా ఎదుటే ప్రకటనలన్నీ తీయించి, కొత్త పాస్‌వర్డ్ నా చేత్తో కొట్టి, వాణ్ని పంపేశాను. నోటీసు నేనే రాశాను. ఒక్క వేలితో గంట పట్టింది.

"ఇక్కడ ఇక ప్రకటనలు ఉండవు. ఈ సైటులో చూసి కరెంటు పెట్టె కొన్నవాళ్లు వెంటనే దాన్ని ప్లగ్గులోంచి పీకెయ్యండి. తప్పు నాది. సైటు నడవాలంటే నెలాఖరులోగా మూడు వందల మంది ఏడాది చందా కట్టాలి. కట్టనివాళ్లు కూడా చదువుకోవచ్చు. చదివినందుకు నేనెవరి ఇంటి మీదకీ రాను."

చందా, చుట్ల మీద పూసే వార్నిష్ ఒక డబ్బా ఖరీదు పెట్టాను. మోటారు చుట్టేవాడికి ఆ లెక్క అర్థమవుతుంది.

మొదటి వారం పదకొండు మంది కట్టారు. బావమరిదికి ఎలా తెలిసిందో, ఫోను చేశాడు. "పదకొండు మందేనా? క్రికెట్ ఆడించుకో బావా." పెట్టేశాను.

పన్నెండోవాడు ఎక్కడో పంపు మోటార్లు బాగుచేసే మనిషి. చందాతో పాటు ఒక ముక్క రాశాడు. "జవాబులు మళ్లీ మొదలవుతాయా అండీ? అమ్మగారు ఉన్నప్పుడు పొద్దున అడిగితే సాయంత్రానికి వచ్చేవి."

ఏ జవాబులో నాకు తెలియదు. వెతికితే సైటులో ఉత్తరాల పెట్టె ఒకటి ఉంది. బావమరిది దాన్ని తెరిచిన పాపాన పోలేదు. జవాబు లేనివి నాలుగు వందల పైన ఉన్నాయి. వాటి కింద ఆవిడ జవాబిచ్చినవి. ప్రతిదీ ఒకే మాటతో మొదలవుతుంది: "మా వారు చెప్పింది ఇదీ."

అప్పుడు గుర్తొచ్చింది. రోజూ భోజనం దగ్గర ఆవిడ ఏదో ఒకటి అడిగేది. మోటారు తిరగకుండా మూలుగుతుంది, ఎందుకని? వార్నిష్ ఆరకముందే బిగిస్తే ఏమవుతుంది? తిండి తిననివ్వవా అని కసురుకుంటూ, ముద్ద నోట్లో పెట్టుకునే చెప్పేవాడిని. ఊసుపోక అడుగుతోందనుకున్నాను. ఆవిడ కసురు తీసేసి మిగతాది రాసి పంపేది. ఆ సంగతి నాకు ఒక్క మాట చెప్పలేదు. అందుకు ఆవిణ్ని ఇప్పటికీ క్షమించలేదు.

ప్రకటనల డబ్బు వస్తున్నన్నాళ్లూ ఎవరేం అడిగారో నేను చూడనే లేదు. చందా కట్టినవాడు అడిగితే చూడక తప్పదు. నోటీసు కింద ఇంకో వాక్యం చేర్చాను. "ప్రశ్న పంపితే జవాబిస్తాను. చందాదారులకు మర్నాటికల్లా, మిగతావాళ్లకు నా తీరికను బట్టి."

రోజూ పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా జవాబులు, తర్వాత కొట్టు. జవాబు అందినవాడు ఇంకొకడికి చెప్పాడు. నెలాఖరుకు రెండు వందల నలభై మూడు మంది అయ్యారు. మూడు వందలు కాలేదు. సర్వరు కంపెనీకి ఫోను చేసి తొమ్మిది నెలలకే కడతానన్నాను. అలా కుదరదన్నారు. కుదిరేదాకా లైను వదల్లేదు. చివరికి అటువైపు అమ్మాయి పైవాళ్లను అడిగి ఒప్పుకుంది. నా నస భరించలేకే అయ్యుంటుంది.

దర్జీ ఆవిడ ఇంటికి కొత్త ప్లగ్గు పట్టుకుని వెళ్లాను. గుమ్మంలోనే ఆపింది. "మార్పించుకున్నామండీ" అని తలుపు వేసింది. ఆవిడ చోట నేనున్నా అదే చేసేవాడిని. చందాదారుల్లో ఆవిడ పేరు లేదు. ఉండనక్కర్లేదు.

పాత ఉత్తరాలకు మాత్రం చందాతో పని లేకుండా, వచ్చిన వరసలో జవాబులు రాస్తున్నాను. అన్నిటికంటే పాతది మా ఆవిడ ఆసుపత్రిలో ఉన్న రోజుల నాటిది. ఒక పిండిమర యజమాని. మూడు ఫేజుల మోటారు, నెలలో రెండుసార్లు కాలిందట, ఎందుకు అని. మూడు ఫేజుల చుట్లలో ఎన్ని నల్లబడ్డాయో చెప్పమని రాశాను.

గంటలో జవాబొచ్చింది. "ఆ మోటారు అమ్మేసి రెండేళ్లయింది సార్. కొన్నవాడు కూడా అమ్మేశాడు. రెండు నల్లబడ్డాయి, ఒకటి బాగానే ఉంది. ఇప్పటికైనా చెప్పండి, ఎందుకు కాలింది?"

మూడు ఫేజుల్లో ఒకదాని కరెంటు అందక, భారమంతా మిగతా రెండింటి మీద పడి కాలింది, మోటారు తప్పేమీ లేదు అని రాసి పంపి, తర్వాతి ఉత్తరం తెరిచాను.