ఎక్స్‌రేలో లేని ప్లేటు

మర్నాడు అత్తగారికి ఊపిరితిత్తి ఆపరేషన్. ఇంకో డాక్టర్‌కి కూడా చూపిస్తే మనసు కుదుటపడుతుందని, ఆసుపత్రివాళ్లు పంపిన లింకు నొక్కి కోడలు ఎక్స్‌రే డౌన్‌లోడ్ చేసింది. తెరిచి చూసింది. పైన బెత్తెడు మేర మెడ కనిపిస్తోంది, కిందంతా బూడిద రంగు.

"అయ్యో, ఊపిరితిత్తులే లేవు!" అని మరిదిని కేకేసింది. అతను కంప్యూటర్లు బాగుచేస్తాడు.

"పోయింది ఊపిరితిత్తులు కాదు వదినా, మన నెట్టు. ఫైలు సగం దాకా వచ్చి ఆగిపోయింది."

ఆ ఫైలు చెరిపేసి, తన ఫోను నెట్టుతో మళ్లీ దింపాడు. ఈసారి బొమ్మ నిండుగా తెరుచుకుంది. కుడి ఊపిరితిత్తిలో నిమ్మకాయంత తెల్లమచ్చ. మూలన అత్తగారి పేరు.

కోడలి చూపు మాత్రం భుజాల దగ్గరే ఉండిపోయింది.

"ప్లేటేదీ?"

"ఏ ప్లేటు?"

"మీ అమ్మ మెట్ల మీంచి పడ్డప్పుడు విరిగిన భుజం ఎముకకి స్టీలు ప్లేటు వేశారుగా! మందు రాసినప్పుడల్లా నా చేతికి తగుల్తూనే ఉంటుంది. ఇందులో లేదేం?"

మరిది బొమ్మని పెద్దది చేసి రెండు భుజాలూ వెతికాడు. ప్లేటు లేదు.

ఉన్నపళంగా ఇద్దరూ ఆసుపత్రికి పరుగెత్తారు. మొదట విసుక్కున్న డాక్టర్, ఎక్స్‌రే మెషీన్‌లోని అసలు ఫైళ్లు తెరిపించేసరికి పాలిపోయాడు. ఎక్స్‌రే తీసిన రోజు కూడా, మెషీన్ నుంచి ఆసుపత్రి కంప్యూటర్‌కి వస్తూ ఫైళ్లు మధ్యలో ఆగిపోయాయట. మళ్లీ దింపినవాడు హడావుడిలో అత్తగారి పేరూ ఇంకో రోగి పేరూ తారుమారు చేసేశాడు. అత్తగారి అసలు ఎక్స్‌రేలో ప్లేటు తెల్లగా మెరుస్తోంది. మచ్చ లేదు.

మరిది కుర్చీలో కూలబడి ఏడ్చేశాడు. కోడలు మాత్రం డాక్టర్ వైపు తిరిగింది.

"మరి ఆ మచ్చ ఎవరిదండీ?"

"ఒక పెయింటర్‌ది," అన్నాడు డాక్టర్. "ఏమీ లేదు, హాయిగా పనికెళ్లమని నేనే పంపేశాను."

వెంటనే అతనికి ఫోను చేశాడు. అవతలి గొంతు హుషారుగా పలికింది.

"నిచ్చెన మీదున్నాను సార్, కాసేపాగి చేస్తారా?"

"ముందు కిందికి దిగు బాబూ. మెల్లగా దిగు. దిగి ఇక్కడికి రా."

గంట తిరక్కుండానే అతను వచ్చాడు. రంగు మరకల చేతులు తుడుచుకుంటూ, లేచి తన కుర్చీ ఇస్తున్న డాక్టర్‌ని వింతగా చూశాడు. కోడలు అతని ముఖంలోకి చూడలేక, మరిది చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.