అమ్మన్నమ్మ నీళ్ళు మానేసిన రోజు

గుల్నాజ్ అమ్మన్నమ్మ దుప్పటి కింద చెయ్యి పెట్టి చూసింది. పొడిగా ఉంది. మంచం కింద బెడ్‌పాన్ కూడా పొడిగానే ఉంది. పొద్దున్నే ఒక చాకిరీ తప్పిందని సంబరపడాల్సింది పోయి, ఆమెకు భయం పట్టుకుంది.

"నిన్న సాయంత్రం నుంచి చుక్క రాలేదు," అంది అమ్మన్నమ్మ కోడలు లోవలక్ష్మి, ఆఫీసు బ్యాగు తగిలించుకుంటూ. "మధ్యాహ్నానికి కూడా రాకపోతే హాస్పిటల్‌కి తెచ్చెయ్యమన్నారు డాక్టరు గారు. ట్యూబ్ వేస్తారంట."

"నాను ఆసుపత్రికి రాను," అంది మంచం మీంచి అమ్మన్నమ్మ. "ఈ గదిలోనే పోతాను."

లోవలక్ష్మి వెళ్ళిపోయింది. కార్ఖానా బస్తీలోని తన ఇంటి నుంచి నేరేడ్‌మెట్ దాకా బస్సులో నిలబడి వచ్చిన గుల్నాజ్ నడుము అప్పటికే పీకుతోంది. మొగుడు కలీముల్లా పోయినప్పటినుంచీ ఎవరెవరి అమ్మలనో ఎత్తుతూ, దించుతూ, కడుగుతూనే ఉంది. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఏం పని అనడిగితే "పేషెంట్ డ్యూటీ" అని మాట మార్చేస్తుంది. అన్నం ముందు కూర్చుని ఆ సంగతులేం చెప్తుంది, పాపం.

ముసలామె పొత్తికడుపు మీద మెల్లగా నొక్కింది. ఉబ్బు లేదు. బిగబట్టుకోవడం కాదు, లోపల నీళ్ళే లేవు. నిన్న నింపి పెట్టిన సీసా నిన్నటి మల్లే ఉంది.

"ఏందమ్మా, నీళ్ళు ముట్టనే లేదా?"

"తాగితే మళ్ళా నిన్ను పిలవాల. నిన్న పిలిస్తే, 'యా అల్లా, మళ్ళానా' అనీసావు కదేటి."

గుల్నాజ్ మంచం పక్కన కూర్చుంది. ఆ మాట అంది, నిజమే. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోగలమా?

"నా నడుమును తిట్టుకున్నమ్మా, నిన్ను గాదు."

"ఎవుల్నంటే ఏటిలే."

గుల్నాజ్ వంటింట్లోంచి మజ్జిగ తెచ్చింది. తలగడ ఎత్తు చేసి పల్చని మజ్జిగ గుక్క గుక్కగా పట్టింది. కాసేపాగి నీళ్ళు, మళ్ళీ మజ్జిగ. ఎండెక్కాక కమోడ్ కుర్చీలో కూర్చోబెట్టి, మోకాళ్ళ మీద తువ్వాలు కప్పి, తలుపేసి, నీళ్ళ చప్పుడుకైనా వస్తుందని పక్కనే కుళాయి సన్నగా వదిలింది.

"అటు తిరిగి ఏదో ఒకటి మాటాడు. నాకు సిగ్గు," అంది అమ్మన్నమ్మ.

గుల్నాజ్ గోడవైపు తిరిగి మోండా మార్కెట్లో టమాటాల ధరలు, కూతురు తమన్నా మొండితనం, నోటికొచ్చినదల్లా చెప్పింది. చెప్తూ చెప్తూ ఉండగా వెనక సన్నగా చప్పుడైంది. లోవలక్ష్మికి ఫోన్ చేసి, "వచ్చిందమ్మా, ఇంక హాస్పిటల్ వద్దు," అంటుంటే ఆమెకే ఏడుపొచ్చింది.

అమ్మన్నమ్మను పడుకోబెట్టాక వంటింట్లోంచి ఒక పళ్ళెం, చెంచా తెచ్చి పక్కన పెట్టింది.

"పిలవనీకి సిగ్గైతే గిది కొట్టు. వందసార్లు కొట్టు, వస్త."

అమ్మన్నమ్మ ఒకసారి కొట్టి చూసి, బోసినోటితో నవ్వింది.

గుల్నాజ్ అన్నం తిని, వంటింటి గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్ళు హూనమై ఉందేమో, కునుకు పట్టేసింది. లేచి చూసేసరికి కిటికీలో ఎండ వెళ్ళిపోయింది. గదిలోకి వెళ్ళింది. పక్క తడిసి ఉంది. అమ్మన్నమ్మలో ఊపిరి లేదు.

గుల్నాజ్ ఆమె కళ్ళు మూసింది. ఎవరికీ ఫోన్ చెయ్యకముందే నీళ్ళు కాచింది. కోడలు వచ్చి ఈ తడి చూడకూడదు. "జెర పక్కకు తిరుగమ్మా," అంటూ, అలవాటుగా అనేసిన మాటకు కళ్ళు తుడుచుకుంటూ, కడిగి, ఆరిన చీర చుట్టింది. చేతులు సర్దబోతే కుడిచెయ్యి విచ్చుకోలేదు.

చెంచా ఆ గుప్పిట్లోనే ఉంది, పళ్ళేనికి వేలెడు దూరంలో.