నొప్పులు లేవన్న బూదవ్వ

నేను ఒక టేపు రికార్డరును. ఇటుకంత బరువు, నల్లటి ఒళ్లు, పైన అయిదు మీటలు, పక్కన తోలు పట్టీ. పుట్టింది జపానులో. ఓడెక్కి మద్రాసులో దిగి, రైల్లో హైదరాబాదు చేరి, ఒక విశ్వవిద్యాలయంలోని భాషాశాస్త్ర శాఖలో తేలాను. మనుషులు మాట్లాడే తీరు మీద పరిశోధన చేసే శాఖ కదా, ఇక నాకు పని చేతినిండా ఉంటుందని సంబరపడ్డాను. వాళ్లు నా వీపు మీద తెల్లరంగుతో ఒక నంబరు రాసి ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారు. నన్ను తీసుకెళ్లేవారు సంతకం పెట్టాలి, సంతకం పెట్టినవారు బాధ్యత వహించాలి. ఆ భయానికి రెండేళ్లు నన్నెవరూ ముట్టుకోలేదు. మాటల గురించి ప్రతిరోజూ వాదించుకునేవాళ్ల మధ్య నేనొక్కదాన్నే మౌనంగా ఉన్నాను.

చివరికి సంతకం పెట్టిన మనిషి నీరజాక్షి. తెనాలి దగ్గరి పల్లెటూరి పిల్ల, ఇరవై ఆరేళ్లు, మాట నెమ్మది, పట్టుదల గట్టి. జనం తమ బాధను డాక్టరుకు ఏ మాటలతో చెప్పుకుంటారో, ఒక్కో మాటకు ఏ అర్థం ఉంటుందో తేల్చడం ఆమె పరిశోధన. తోటి విద్యార్థులు నవ్వారు. "నొప్పిని నొప్పి అనే కదా అంటారు, దానికి పీహెచ్‌డీ ఎందుకు?" అన్నారు. ఆమె గైడు పురుషోత్తమాచార్యులు గారు మాత్రం నవ్వలేదు. ఒప్పుకుని, ఒక షరతు పెట్టారు.

"నువ్వక్కడ చెవివి మాత్రమే, అమ్మాయ్. వాళ్లేమంటే అది రాసుకో. మధ్యలో కల్పించుకోవద్దు. కల్పించుకున్నావా, అది వాళ్ల మాట కాదు, నీ మాట అయిపోతుంది."

అలా మేమిద్దరం మానేరు నది అవతల ఒక చిన్న ఊరి సర్కారు దవాఖానాకు చేరాం. అక్కడి డాక్టరు చక్రపాణి గారిది రాజమండ్రి. ఉద్యోగంలో చేరి ఏడాది. మంచివాడే కానీ ఉదయానికి నూటయాభై మందిని చూడాలి, అందుకని మాటలు పొదుపు. గది మూలన ఒక బల్ల చూపించి, "కూర్చోండి మేడమ్, మా పనికి అడ్డం రాకపోతే చాలు" అన్నారు.

మొదటి వారం ఘోరంగా గడిచింది. నా ఎర్రదీపం వెలగడం ఆలస్యం, జనం నాలుకలు బిగుసుకుపోయేవి. ఒక చేనేత పెద్దాయన గొంతు సవరించుకుని, రేడియోలో వార్తలు చదివినట్టు, "నా యొక్క ఉదరమునందు బాధగా నున్నది" అన్నాడు. బయటికెళ్లాక అదే మనిషి భార్యతో ఏమన్నాడో నేను విన్నాను, అది ఇక్కడ చెప్పను. నీరజాక్షి తల పట్టుకుంది.

ఆ కట్టు విప్పింది బూదవ్వ. అరవై ఏళ్ల బీడీ కార్మికురాలు. కూర్చుని కూర్చుని నడుము పాడై వారానికోసారి వచ్చేది. ఆమె నా మీదికి వంగి చూసి అడిగింది.

"గీ డబ్బల నా మాట ఉంటదా, బిడ్డా?"

నీరజాక్షి టేపు వెనక్కి తిప్పి వినిపించింది. బూదవ్వ ఉలిక్కిపడి, "గీ ముసల్దెవతె?" అంది. వరండా అంతా ఘొల్లుమంది. ఆ రోజు నుంచి బూదవ్వే జనాన్ని పిలిచి నా ముందు కూర్చోబెట్టేది. "గా డబ్బ ఏమనది. పెద్దోళ్ల లెక్క మాట్లాడకుండ్రి, మన లెక్కనే మాట్లాడుండ్రి" అనేది. ఆ నాలుగు నెలల్లో నేను మోసిన మాటలు చూడండి: పన్ను సలిపింది, తల పోటు పెట్టింది, కాళ్లు తిమ్మిరెక్కాయి, కళ్లు మండాయి, ఒళ్లు తీపులు తీసింది. ఒక్కో మాటకూ ఒక చీటీ. నీరజాక్షి అట్టపెట్టె చీటీలతో నిండిపోయింది.

ఒకరోజు నీరజాక్షి బూదవ్వను ప్రత్యేకంగా అడిగింది, నడుముకూ చేతులకూ వచ్చే బాధను ఏమంటారని. బూదవ్వ ఓపిగ్గా చెప్పింది.

"నడుము పట్టుకుంటది, బిడ్డా. పని చేస్తే పట్టుకుంటది, పండుకుంటే ఇడుస్తది. గుంజుడు వేరే. గుంజుడంటే లోపల్నుంచి. మా ఆయన పోయిన దినం గట్లనే గుంజుతాంది గుంజుతాంది అన్నడు."

ఈ మాట నా కడుపులోని పదిహేడో క్యాసెట్టులో ఉంది.

ఆ తర్వాత మూడు వారాలకు, ఒక మంగళవారం ఉదయం, బూదవ్వ వచ్చింది. నవ్వలేదు, నన్ను పలకరించలేదు. స్టూలు మీద కూర్చుంది. డాక్టరు గారు చీటీ మీంచి తల ఎత్తకుండా అడిగారు.

"నొప్పులేమైనా ఉన్నాయామ్మా?"

బూదవ్వ మొహంలో కొంచెం సిగ్గు, కొంచెం చిరాకు. "నొప్పులా? అర్వై ఏండ్లొచ్చినయి, నాకేం నొప్పులు సారూ! లేవు."

"మరేంటి బాధ?"

"రొమ్ముల గుంజుతాంది. రెక్క దనుక గుంజుతాంది" అంటూ బూదవ్వ ఎడమ చేతిని భుజం దాకా తడుముకుంది.

"బీడీలు చుడతావు కదా, వంగి వంగి అలా లాగేస్తుంది. మాత్రలు రాస్తున్నాను, వాడు." చీటీ మీద 'నొప్పి లేదు' అని రాసి పంపేశారు. అదంతా ఒక నిమిషం పట్టలేదు.

బూదవ్వ వెళ్లి మందుల కిటికీ దగ్గర వరసలో గోడకు ఆనుకుని కూర్చుంది. మూల బల్ల మీద నీరజాక్షి పెన్ను ఆగిపోయింది. టేపు వెనక్కి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ వింది. ఆ ఊరి ఆడవాళ్ల మాటలో 'నొప్పులు' అంటే కాన్పు నొప్పులే. నలభై చీటీలు అదే చెప్తున్నాయి. డాక్టరు అడిగింది ఒకటి, బూదవ్వకు వినిపించింది ఇంకొకటి. బూదవ్వ చెప్పింది ఒకటి, డాక్టరుకు వినిపించింది మరొకటి. ఇద్దరూ తెలుగులోనే మాట్లాడుకున్నారు.

గైడు గారి మాట నీరజాక్షికి గుర్తుండే ఉంటుంది. తను పొరబడితే అందరి ముందూ అభాసుపాలు, దవాఖానాలో ఇక చోటుండదు, ఇన్నాళ్ల శ్రమ గంగలో కలుస్తుంది. ఆ తటపటాయింపు ఎంతసేపో కాదు. పదిహేడో క్యాసెట్టు వెతికి నాలో పెట్టింది, నన్ను చంకన పెట్టుకుని డాక్టరు బల్ల ముందుకు నడిచింది.

"డాక్టరు గారూ, బూదవ్వని ఇంకోసారి చూడండి."

"మేడమ్, మీరు భాష చూసుకోండి. రోగం నేను చూసుకుంటాను."

"రోగం గురించి నాకేం తెలీదండీ. ఆవిడన్న మాటకి అర్థం తెలుసు. ఒక్క నిమిషం వినండి."

ఆయన వద్దనేలోపే మీట నొక్కింది. గది నిండా బూదవ్వ గొంతు పలికింది. పట్టుకునుడు వేరే, గుంజుడు వేరే అంది. లోపల్నుంచి అంది. మా ఆయన పోయిన దినం అంది.

చక్రపాణి గారు పెన్ను కింద పెట్టారు. లేచి, దాదాపు పరుగెత్తినట్టే వరండాలోకి వెళ్లారు. బూదవ్వ నుదుటి మీద చెమట కారుతోంది. ఈసీజీ తీశారు. కాగితం చూడగానే ఆయన "గుండెపోటు! జీపు తీయండి" అని కేకేశారు. పావుగంటలో బూదవ్వ జీపులో పడుకుని జిల్లా ఆస్పత్రి దారి పట్టింది. డాక్టరు గారే పక్కన కూర్చున్నారు. జీపు కదిలాక నీరజాక్షి అలవాటుగా ఆ రోజు టేపు మళ్లీ నాలో పెట్టి రికార్డు మీట నొక్కింది, అంతలోనే బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. నన్ను ఆపడం మరిచిపోయింది కనుక ఆ ఏడుపు కూడా టేపులో ఉంది.

బూదవ్వ బతికింది. పద్దెనిమిది రోజుల తర్వాత తిరిగొచ్చింది. ఆ పద్దెనిమిది రోజుల్లో చక్రపాణి గారు రోజూ సాయంత్రం మా మూలకు కుర్చీ లాక్కుని, చీటీలు ఒక్కొక్కటీ చదివించుకున్నారు. 'నొప్పి ఉందా' అని అడగడం మానేశారు. "ఎట్లయితాంది, అవ్వా?" అని అడిగి, చెప్పేదాకా ఆగేవారు. ఆయన యాసకు వరసలో ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. ఆయన కూడా నవ్వేవారు.

నీరజాక్షి జరిగిందంతా దాచకుండా గైడు గారికి ఉత్తరం రాసింది, షరతు తప్పానని. జవాబు ఒక కార్డు మీద వచ్చింది. ఆమె దాన్ని పైకే చదువుకుంది: "నువ్వు తప్పింది నేను పెట్టిన షరతు. అది నేనే తప్పుగా పెట్టాను. ఈ సంగతి సిద్ధాంత గ్రంథంలో రాయి, ఒక అధ్యాయమంతా రాయి."

గ్రంథం అచ్చయి, పట్టా వచ్చాక, మేం మళ్లీ ఆ ఊరు వెళ్లాం. బూదవ్వ ఇంటి ముందు చాటలో ఆకు పెట్టుకుని కూర్చుంది. డాక్టరు వద్దన్నా బీడీలు మానలేదు. నీరజాక్షి నా మీట నొక్కి పక్కన పెట్టి, పుస్తకం ఆమె ఒళ్లో పెట్టింది. బూదవ్వ చేతులు కొంగుకు తుడుచుకుని, బరువు చూసి అడిగింది.

"గింత పెద్ద బుక్కు రాసినవా? ఏమున్నది గిండ్ల?"

"మీ మాటలే, అవ్వా."

"మా మాటలు మాకెర్కే గద! మరి ఎవలి కోసం రాసినవు?"

"డాక్టర్ల కోసం."

బూదవ్వ పుస్తకం మీద ప్రేమగా తట్టింది.

"అయితే మంచిగనే రాసినవు. పాపం, ఆళ్లకు రావు గద!"

నేను పట్టుకున్న ఆఖరి మాట అది. తిరుగు ప్రయాణంలో బస్సు కుదుపుకు నా రికార్డింగు భాగం విరిగింది. పాత టేపులు మాత్రం వినిపించగలిగేదాన్ని. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు నీరజాక్షి గారు నన్ను ఏటా ఒక వైద్య కళాశాలకు తీసుకెళ్లేవారు. కొత్తగా చేరిన పిల్లలకు ముందు ఆ మంగళవారం టేపు వినిపించి, రోగికి ఏమైంది, మీరైతే ఏం రాస్తారు అని అడిగేవారు. ప్రతి ఏడూ సగం మంది 'నొప్పి లేదు' అనే రాసేవారు. అప్పుడు పదిహేడో క్యాసెట్టు పెట్టేవారు. ఆ సగం మందీ తాము రాసింది కొట్టేసేవారు.

ఇప్పుడు నేను శాఖలోని అద్దాల అలమరాలో ఉన్నాను. టేపులన్నీ కంప్యూటరులోకి ఎక్కించేశారు. నిన్న ఒక పరిశోధక విద్యార్థిని నా ఎదుటి బల్ల దగ్గర చెవులకు ఏదో తగిలించుకుని చాలాసేపు వింటూ కూర్చుంది. నాకేమీ వినిపించలేదు. ఉన్నట్టుండి ఆ పిల్ల ఫక్కుమని నవ్వి, కళ్లు తుడుచుకుని, పక్కనున్నవాళ్లను పిలిచింది.

"ఇటు రండే, ఈ అవ్వ డాక్టర్లను ఏమంటోందో వినండి!"