రాహుకాలమున జూచిన యిల్లు

చైత్రారంభమున వేపపూల సౌరభము వీథులనిండ వ్యాపించి కోకిలారావములు మామిడితోపుల మాఱుమ్రోగ ప్రాతఃకాలము పరమసుకుమారముగ నుండియు మధ్యాహ్నమగునప్పటికి ప్రచండమార్తాండుడు తన కిరణసహస్రమును పలనాటి శిలలపై గుమ్మరించి యూరెల్ల కొలిమిగా నొనర్చు దినము లవి. ఆ సీమలో వేసవి యుదయమునకును మధ్యాహ్నమునకును పొత్తు లేదు. ఉదయమున జూచినవారు మురిసిపోదురు, మధ్యాహ్నమున జూచినవారు పరుగెత్తుదురు.

నరసరావుపేటలో తపాలాకార్యాలయోద్యోగియైన వేదాద్రియు నాతని భార్య సువర్చలయు నా దినములలోనే స్వగృహమొకటి కొన నిశ్చయించిరి. వారి తొందరకు గారణము కలదు. గడచిన వేసవిని మేడమీది యద్దెగదిలో విద్యుత్తు నిలిచి ఏసీ యాగిపోగా వారి పసికూతురు హంసినికి ఒడలు పెనమువలె కాలిపోయి మూర్ఛ వచ్చెను. వైద్యుడు బిడ్డను బ్రతికించి మరల నట్టి వేడి తగులనీయరాదని గట్టిగా జెప్పి పంపెను. నాటినుండి కరెంటు పోయినదన్న మాట వినిన చాలు, సువర్చల గుండె జారిపోవుచుండెను.

వేదాద్రి పెదతండ్రియైన యజ్ఞనారాయణగారు పంచాంగము చూడక గుమ్మము దాటనివారు. వధువును జూచుటకువలెనే గృహమును జూచుటకును సుముహూర్తము వలయునని వారి సిద్ధాంతము. వారు నిర్ణయించిన శుభఘడియలెల్ల ప్రాతఃకాలముననే తటస్థించుటచే నా కుటుంబము చూచిన యిండ్లన్నియు చల్లనివేళనే చూడబడెను. ఇండ్లమ్మించు మధ్యవర్తి యీ యాచారమునకు మిక్కిలి సంతసించెను, సంతసింపక యేమి చేయును! అట్లు చూచినవానిలో తూర్పుముఖమై నిలువెత్తు గాజుకిటికీలతో పాలరాతినేలతో మెఱయు నూతనగృహమొకటి యందఱి మనసు దోచెను. పడకగది పడమట నున్నదన్న సంగతి యెవ్వరికిని పట్టలేదు. శుక్రవారము బయానా యిచ్చుటకు మాట యయ్యెను.

ఆ ముందునాడు గురువారము. గురువారమునాడు రాహువు సరిగా నెండ మండువేళనే కూర్చుండును. ఆ వేళ సువర్చల బిడ్డను పొరుగింట నప్పగించి భర్తకడకు వచ్చెను.

"ఏమండీ, ఒక్కసారి ఆ ఇంటికి ఇప్పుడు పోయొద్దాం."

"ఇప్పుడా? రాహుకాలం! పెదనాన్నకి తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు."

"వేస్తే వెయ్యనీండి. రేపు పిల్ల పడుకోవాల్సింది ఆ గదిలోనేగా."

ఆ మాటకు వేదాద్రి లేచి చెప్పులు తొడిగికొనెను. మధ్యవర్తి ముఖము చిట్లించుచునే తాళము దీసెను. సువర్చల పడకగదిలోని పడమటిగోడపై నరచేయి మోపి చురుక్కుమనగా లాగికొనెను. మంచముండవలసిన తావున గాజుకిటికీనుండి యెండ పరుపు పఱచినట్లుండెను. గోడకు బిగించిన ఏసీ యెంతసేపు రొదచేసినను గది చల్లబడలేదు. ఇంకొకటి పెట్టించిన సరిపోవునని మధ్యవర్తి పలికెను. "కరెంటు పోతేనో?" అని యామె యడుగగా నతడు వాచీ చూచుకొనెను. తామెంతటి ప్రమాదమునకు బయానా యీయబోయిరో యప్పుడు వేదాద్రికి తెలిసెను.

మరలివచ్చుచు నెండకు దాళజాలక వారు వీథికొనయందు అమ్మకమునకని పలక కట్టియున్న యొక యింటి వెడల్పైన వసారాలో నిలిచిరి. పడమటిముఖపు టిల్లని యజ్ఞనారాయణగారు వాకిటినుండియే త్రోసిపుచ్చిన యిల్లది. ఇంటామె వారిని లోనికి బిలిచి మంచినీరొసగెను. గడప దాటగనే యొడలి తాపము సగము దిగిపోయెను. వేదాద్రి గోడలన్నియు గలయజూచెను.

"ఏసీ ఎక్కడ పెట్టించారండీ?"

"ఏసీ ఏడుందయ్యా మాకు! ఆ ఫ్యానే. కరెంటు బిల్లు ఈ వీధిలోకల్లా మాదే తక్కువ."

ఆమె యొకింత గర్వముతోనే యిల్లంతయు ద్రిప్పి చూపెను. పడమటి యెండను వసారా వాకిటనే యాపుచుండెను, ఎదురెదురు కిటికీలలో గాలి నిలువక పాఱుచుండెను, డాబాపై బఱచిన తెల్లపలకలు వేడిని వచ్చినదారినే పంపుచుండెను. సువర్చల యిక్కడి పడమటిగోడపైనను చేయి మోపి యీమాఱు తీయక యట్లే నిలిచెను. ఆమె కన్నులు చెమ్మగిల్లెను.

సంగతి వినిన యజ్ఞనారాయణగారు నిప్పు త్రొక్కినట్లు చిందులు వేసిరి.

"రాహుకాలంలో ఇల్లు చూసొస్తారా? బుద్ధుందా మీకు?"

"మంచి ఘడియలో అన్ని ఇళ్ళూ బాగానే ఉంటయ్యి మామయ్యగారూ. చెడ్డ ఘడియలో ఎట్లా ఉంటదో చూద్దామని పోయా. పోయినేడు పిల్లకి మూర్ఛొచ్చింది ఆ వేళప్పుడేగా."

ఆసుపత్రి వసారాలో నాడు తామును కంటనీరు పెట్టిన సంగతి వృద్ధునకు స్మృతికి వచ్చెను కాబోలు, పంచాంగము చేత బుచ్చుకొనిరి. పుటలు త్రిప్పుచు "చూడ్డానికి దోషం లేదులే, పడమటి ముఖమైనా సరే. కొనడానికి మాత్రం ఘడియ నేనే పెడతా" ననిరి. అంతటితో నా యింట నందఱును ఊపిరి పీల్చుకొనిరి.

వైశాఖమున నా వసారా యింట గృహప్రవేశమయ్యెను. రోహిణికార్తె వచ్చి రోళ్ళు పగుల నెండ గాయుచున్న యొక మధ్యాహ్నమున బిడ్డప్రక్కన కునుకు తీయుచున్న సువర్చల హఠాత్తుగా మేల్కొని తలయెత్తి చూడగా ఫ్యాను నిలిచియుండెను. కరెంటు పోయి యెంతసేపయ్యెనో తెలియదు. వెంటనే యామె బిడ్డ నుదురు తాకెను, మెడ తాకెను, పాదములు తాకెను. ఎక్కడను వేడి లేదు. కిటికీనుండి కిటికీకి బోవు గాలికి హంసిని నిద్రలోనే మోకాళ్ళు ముడుచుకొనుచుండగా తల్లి కన్నీటితో నవ్వుచు దుప్పటి తెచ్చి బిడ్డకు గప్పెను.