ఎడమ చెయ్యి ఎత్తితే

ఆయన ప్రాక్టీసు జాకెట్లు ఉతకడం నా పని. చంకల దగ్గర చెమట ఉప్పు అట్టకట్టి ఉంటుంది, బ్రష్షు పెట్టి రుద్దితే తప్ప వదలదు. మా ఆయన కత్తిసాము నేర్పే గురువు. నేను ఇంటి పని తెమిలాక నవలలు రాసుకునేదాన్ని. లేని రాజ్యాలు, నిప్పు కక్కే కత్తులు. "మా ఆవిడ కూడా యోధురాలేనండోయ్, రోజూ కూరగాయల మీద దండెత్తుతుంది" అని వచ్చినవాళ్ళందరి ముందూ ఆయన అదే జోకు వేసేవారు. నేనూ నవ్వి టీ అందించేదాన్ని.

నవల అచ్చు వేస్తానన్న ఎడిటరు గారు ఒకసారి ఫోన్లో, "మీ కత్తికి మంటలు పెట్టండి, రెక్కలు పెట్టండి, నమ్ముతాం. కానీ పట్టుకున్న మనిషి కాళ్ళు మాత్రం నిజంగా నేల మీద ఉండాలి" అన్నారావిడ. ఇంట్లోనే గురువుండగా బయట వెతకడం దేనికని మా ఆయన్నే అడిగాను. ఆయన మొహం వెలిగిపోయింది. నా రాత గురించి కూర్చుని వినడం పెళ్ళయ్యాక అదే మొదలు. సోఫా పక్కకి జరిపి, నా చేతికో చెక్క కత్తి ఇచ్చి, "బరువంతా ముందు కాలి మీద వెయ్యకు. ఎదుటివాడి కళ్ళు కాదు, భుజం చూడు" అని చెప్తుంటే నాకు నిజంగానే ముచ్చటేసింది.

ఆయన కత్తిసాము నేర్పే హాల్లో ఒక నియమం ఉంది. ఎదుటివాళ్ళు ఎడమ చెయ్యి ఎత్తితే కత్తి ఎక్కడిదక్కడే ఆగిపోవాలి. ఆపనివాడు ఎంత గొప్పింటి బిడ్డయినా ఆయన అప్పటికప్పుడే పంపించేస్తారు. ఆ సంగతి ఆయనే గొప్పగా చెప్పుకుంటారు. అందుకే ఆ రోజు ఇంట్లో నా మోచేతి మీద ఆయన దెబ్బ పడగానే ఎడమ చెయ్యి ఎత్తాను. రెండో దెబ్బ ఆ చేతి మీదే పడింది. "ఇది హాలు కాదోయ్, ఇల్లు" అని నవ్వారు. "నొప్పి తెలీకుండా నువ్వేం రాస్తావ్?" పక్కగదిలోంచి అత్తగారు, "వాడంత ఓపిగ్గా నేర్పుతుంటే ఆ మూలుగులేంటమ్మాయ్" అన్నారు.

అప్పట్నుంచి నాకు భయం. సాయంత్రం గేటు చప్పుడైతే చాలు, అరచేతులు చల్లబడేవి. లోపలికొస్తూనే "ఇవాళ ఏ అధ్యాయం?" అని అడిగేవారు, యుద్ధముందంటే చెక్క కత్తులు తీసేవారు. యుద్ధాలు లేని అధ్యాయాలు రాయడం మొదలుపెట్టాను. పెళ్ళిళ్ళు పెట్టాను, విందులు పెట్టాను, రాయబారాలు నడిపాను. నా రాజ్యంలో అంత శాంతి ఎందుకొచ్చిపడిందో నాకొక్కదానికే తెలుసు. ఎంత సాగదీసినా ఆఖరి యుద్ధం రాక తప్పలేదు. అందులో రాకుమారి తన గురువుతో తలపడుతుంది. ఆమె కత్తి నిప్పు కక్కుతుంది. ఆమె వెనక్కి వేసే అడుగు ఆయన నాకు నేర్పిన అడుగే. అలిసిపోయి ఎడమ చెయ్యి ఎత్తుతుంది. గురువు కొడతాడు. అది మా ఆయనకి చూపించకుండానే ఎడిటరు గారికి పంపేశాను.

ఇవాళ ఎడిటరు గారు ఫోన్ చేసేసరికి నా చేతుల నిండా సబ్బు నురగ. స్పీకరు పెట్టాను. మా ఆయన సోఫాలోనే ఉన్నారు.

"అంతా నమ్మేశానండీ, మంటలతో సహా. ఒక్కటే అతకలేదు. చెయ్యెత్తాక గురువు కొట్టడమేంటి? అన్ని నియమాలు నేర్పినవాడు అలా ఎందుకు చేస్తాడు? అది తీసేద్దాం."

ఆయన లేచి వచ్చారు. "చూశావా, ఆవిడకి తెలిసింది నీకు తెలీలేదు. తీసెయ్. ఏ గురువూ అలా కొట్టడు." మాట మెత్తగానే ఉంది. చూపు మాత్రం నా భుజం మీదే ఉంది.

ఊఁ అంటే ఈ సాయంత్రం గడిచిపోతుంది. పుస్తకం వస్తుంది, మొదటి పేజీలో ఆయనకి కృతజ్ఞతలు కూడా ఉంటాయి. ఆ దెబ్బ మాత్రం ఎవరికీ తగలనట్టే అయిపోతుంది. ఫోన్ దగ్గరికి వంగాను.

"తీయనండీ. మంటల కత్తి తీసేయమంటే తీసేస్తాను, అది నేను అల్లింది. చెయ్యెత్తాక పడ్డ దెబ్బ నాకు తగిలింది."