గంటంబావు దూరం

నేను ఒక థర్మోకోల్ పెట్టెను. ఫ్యాక్టరీ అచ్చులోంచి బయటపడిన రోజున నా ఆస్తి నాలుగు గోడలు, ఒక అడుగు, ఒక మూత. వేడిని బయటే నిలబెట్టడం నా వ్యాపారం. కొన్నాళ్లు ఒక పూలవ్యాపారికి సంపెంగలు మోశాను. ఆయన వదిలించుకుంటే చెన్నైలో అచ్యుతరాజుగారి చేతికి వచ్చాను.

రాజుగారికి భీమిలి ఒడ్డున రొయ్యపిల్లల హేచరీ ఉంది. ఆ ఏడు రోగం తగిలి తొట్లన్నీ ఖాళీ. మిగిలినదంతా పెట్టి, గుడ్లు పెట్టే తల్లిరొయ్యల్ని కొన్నారు. ఇవి బతికి చేరకపోతే హేచరీకి తాళమే.

నీళ్లూ ఆక్సిజనూ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో రొయ్యల్ని కట్టి, పక్కన ఐసు పెట్టి మాలాంటి పెట్టెల్లో సర్దుతారు. అప్పుడే ఆయన భార్య సుభద్రమ్మ ఫోన్ చేసింది.

"సంచికి ఎన్నేస్తున్నారండీ?"

"మామూలు కంటే ఒకటెక్కువ. నీళ్లూ ఐసూ తగ్గించాను. విమానంలో బరువుకే కదే కిరాయి."

"తగ్గించారా! దారిలో ఆలస్యమైతే?"

"ఫోన్లో చూశాను. ఆరువందల చిల్లర కిలోమీటర్లు, గంటంబావు. నువ్వు జడేసుకునేలోపు విశాఖలో ఉంటా."

"నా జడ సంగతెందుకు? ఇవి పోతే ఆ తొట్లలో బట్టలు ఉతుక్కోవాలి మనం."

మనుషులు ప్రయాణాన్ని చక్రం నేల వదిలినప్పటి నుంచి నేల తాకేదాకా లెక్కేస్తారు. సంచిలో రొయ్యకు మాత్రం ముడి పడ్డప్పటి నుంచి ముడి విప్పేదాకా ప్రయాణమే. తూకం దగ్గర వరుస, గోదాంలో నిరీక్షణ, ఎండలో ట్రాలీ, ఇవేవీ ఆ గంటంబావులో లేవు. విమానం లేవకముందే నాలోని ఐసు సగం నీరైంది.

పైకి లేచాం. చాలాసేపు గాల్లో గిరికీలు కొట్టాం. చివరికి చక్రాలు నేల తాకితే హమ్మయ్య అనుకున్నాను. సరుకు తలుపు తెరుచుకుంది. బయట తమిళం వినిపించింది! విశాఖలో వాన దంచుతుంటే దిగలేక తిరిగి చెన్నైకే వచ్చామట. అంతసేపు ఎగిరి మేము సాధించిన దూరం సున్నా. మమ్మల్ని దింపలేదు. లోపల ఒక్కో రొయ్యా పక్కకు ఒరుగుతోంది. నా గోడలు ఎంత మందమైనా, లోపల అయిపోతున్న ఆక్సిజన్‌కు నేనేం చేయగలను?

మళ్లీ ఎగిరి, విశాఖలో దిగి, వ్యానెక్కి హేచరీకి చేరగానే రాజుగారు నా మూత ఊడబీకారు. సంచి లాక్కుని తొట్లో గుమ్మరించబోయారు.

సుభద్రమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆగండి! ఒక్కసారిగా నీళ్లు మారితే ఉన్నవీ పోతాయి."

"చచ్చిపోతున్నాయే!"

"వాటి టైమంతా మనమే తినేశాం. ఈ కాస్తా కూడా లాక్కోకండి."

ముడులు విప్పి, గాలి గొట్టాలు వేసి, సంచుల్ని తొట్టి నీళ్లపై తేలనిచ్చింది. చెంబుతో కొంచెం కొంచెంగా తొట్టి నీళ్లు కలిపింది. రాజుగారు పక్కన గొట్టం పట్టుకుని కూర్చున్నారు. ఆయన అంతసేపు కదలకుండా ఉండటం అదే మొదటిసారట.

మూడొంతుల్లో రెండొంతులు పోయాయి. మిగిలినవి మీసాలు ఆడించాయి. కొన్నాళ్లకు ఒక తొట్టి నిండా కంటికి ఆననంత చిన్న పిల్లలు.

మూల విరిగి నేనిప్పుడు షెడ్డు వెనక చెత్తలో ఉన్నాను. లెక్క తేల్చాలంటే నష్టమే పెద్దది. మిగిలిందల్లా ఒక్క తొట్టి. పొద్దున్నే రాజుగారు వచ్చి హేచరీ తలుపు తీసేది అందులో మేత వేయడానికే.